'కొఫ' అనే పాత గది: అపోహలు - వాస్తవాలు

ప్రాచీన ఇంగ్లీషులో గదిని 'కొఫ' అనేవారు. రాతలో ఫకారం ఉన్నా పలుకుబడిలో అది 'కొవ'. నేటి 'కోవ్' (సముద్రపు చిన్న ఖాతం) దాని నుండి వచ్చినదే. చారిత్రక భాషాశాస్త్రంలో పనిచేసేవారికి ఈ మాట గురించి కొన్ని అపోహలు తరచుగా ఎదురవుతాయి.

అపోహ: ఇది 'బోలు' అనే అర్థం గల లాటిన్ 'కవుస్'కు, దాని నుండి వచ్చిన ఇంగ్లీషు 'కేవ్' (గుహ)కు చుట్టం.

వాస్తవం: పోలికను బట్టి చుట్టరికం తేలదు. 1822లో జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ సూత్రీకరించిన నియమం ప్రకారం మూల ఇండో-యూరోపియన్ (సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు వంటి భాషల ఉమ్మడి మూలభాష) కకారం ఇంగ్లీషు, జర్మన్ వంటి జర్మానిక్ భాషల్లో హకారమైంది. లాటిన్‌లో కొమ్మును 'కొర్ను' అంటే ఇంగ్లీషులో 'హార్న్' అనడం అందువల్లనే. 'కవుస్'కు తోబుట్టువైన జర్మానిక్ పదం ఉంటే అది హకారంతో మొదలు కావాలి. జర్మానిక్ కకారం సాధారణంగా పూర్వపు గకారం నుండి పుట్టింది. మన 'గోవు'కూ ఇంగ్లీషు 'కౌ'కూ ఉన్న బంధం అదే. పోనీ లాటిన్ నుండి అరువు తెచ్చుకున్నారనుకుంటే, 'కొఫ' మూలరూపమైన '*కుబో'లో అకారం స్థానంలో ఉకారం ఎలా వచ్చిందో చెప్పవలసి వస్తుంది. సంస్కృత 'కూపం'తో ముడిపెట్టే ఉత్సాహవంతులకూ ఈ హకార నియమమే అడ్డంకి: కూపానికి ఇంగ్లీషులో బంధువుగా పండితులు చూపేది తేనెటీగల పెట్టె అయిన 'హైవ్'ను.

అపోహ: '*కుబో' అనే మూలరూపం ఏదో శాసనంలో దొరికింది.

వాస్తవం: ముందున్న నక్షత్రపు గుర్తుకు అర్థమే 'దొరకలేదు' అని. ప్రాచీన ఇంగ్లీషు 'కొఫ', పాత నార్స్ (ప్రాచీన స్కాండినేవియా భాష) 'కొఫి', జర్మన్ 'కోబెన్' పదాలను పోల్చి కట్టిన రూపమిది. ఇంతవరకు నేల గట్టిదే. ఇంకా వెనక్కి వెళ్లి, బిలం అనే అర్థం గల అరుదైన గ్రీకు పదం 'గుపే'తో కలిపితే ధ్వనులు కుదురుతాయి. పకారం బకారమైన తీరును, గ్రిమ్ నియమానికి మినహాయింపులను వివరించే కార్ల్ వెర్నర్ నియమం వివరిస్తుంది. అయితే సాక్షులు తక్కువ కనుక దీనిని సంభావ్యతగానే చెప్పడం న్యాయం.

అపోహ: దీని అర్థం మొదటి నుండీ గదే, లేదా సముద్రపు చిన్న ఖాతమే.

వాస్తవం: నార్స్‌లో అది గుడిసె, జర్మన్‌లో పందుల దొడ్డి. కనుక పూర్వార్థం 'చిన్న మూసిన చోటు' అయి ఉంటుంది. ఇంగ్లీషు కవులు దేహాన్ని 'బాన్‌కొఫ', అంటే ఎముకల గది, అన్నారు. రోమన్ల గృహదేవతలకు అనువాదంగా 'కొఫ్‌గోదస్' అనే సమాసం కనిపిస్తుంది. ఖాతం అనే అర్థం తరువాతిది. ఉత్తర ఇంగ్లండులో 'కోవ్' అంటే కొండ ఒంపు కూడా; యార్క్‌షైర్‌లోని మాల్హమ్ కోవ్ సముద్రానికి దూరాన ఉన్న సున్నపురాతి కొండగోడ.