బెజవాడ ఎండలో సీపీయూ డబ్బాకి ఒక కన్నం

మన దగ్గర టవర్ మొత్తాన్నీ కలిపి సీపీయూ అనడం అలవాటు. "సీపీయూ పాడైంది, షాపుకి తీసుకెళ్ళాలి" అంటే డబ్బా మొత్తం ఆటోలో పెట్టుకుని వెళ్ళడమే. అసలు సీపీయూ అంటే లోపల మదర్‌బోర్డు మీద అగ్గిపెట్టె అంత వెడల్పున కూర్చునే చిప్పు. ఇక్కడ దాన్ని ప్రాసెసర్ అంటాను, బయటిదాన్ని డబ్బా అంటాను. గొడవంతా ఆ డబ్బాతోనే.

పోయిన రోహిణి కార్తెలో, రోళ్ళు పగులుతాయంటారే ఆ రోజుల్లో, మధ్యాహ్నం నాలుగింటికి ఒక పెళ్ళి వీడియో రెండర్‌కి, అంటే ఎడిట్ చేసిన ముక్కలన్నీ కలిపి ఒకే వీడియోగా తయారుచేసే పనికి, పెట్టాను. గోడ మీద థర్మామీటర్ 38 చూపిస్తోంది. పది నిమిషాలకల్లా లోపలి ఫ్యాన్లన్నీ పిండిమరలా మోత మొదలెట్టాయి, ప్రాసెసర్ 99 డిగ్రీల దగ్గర కూర్చుంది, మామూలుగా నలభై నిమిషాల్లో అయిపోయే పని గంట దాటింది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100 డిగ్రీలు హద్దు, ఏఎండీ రైజెన్ 7000 వరసలో చాలావాటికి 95. ఆ గీత దగ్గరికి రాగానే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. కాలిపోదు, నీరసపడుతుంది అంతే.

షాపతన్ని అడిగితే "ఇంకో రెండు ఫ్యాన్లు వేయించుకోండి సార్" అన్నాడు. ముందువైపు అప్పటికే మూడున్నాయి, రంగురంగుల లైట్లతో సహా. అనుమానం వచ్చి దేవుడి గూట్లోంచి ఒక అగరుబత్తి తెచ్చి వెలిగించి డబ్బా ముందు పట్టుకున్నాను. మూడు ఫ్యాన్లు అంత ఇదిగా తిరుగుతుంటే పొగ సర్రున లోపలికి పోవాలి కదా, అదేమో తాపీగా నిటారుగా పైకి పోతోంది. బత్తిని పక్క అంచు దగ్గరికి జరిపితే అప్పుడు కాస్త లోపలికి వంగింది. సంగతేంటంటే, డబ్బా ముందు భాగమంతా అద్దం. చూడ్డానికి మహా అందంగా ఉంటుంది. గాలి పీల్చాల్సింది ఆ అద్దానికి రెండు పక్కలా ఉన్న సందుల్లోంచి. స్కేలు పెట్టి కొలిస్తే ఒక్కో సందు 6 మిల్లీమీటర్ల వెడల్పు, 38 సెంటీమీటర్ల పొడవు. రెండూ కలిపితే 46 చదరపు సెంటీమీటర్లు కూడా లేదు. ఒక్క 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కే మధ్యలో మోటారు దిమ్మ పోగా 90 చదరపు సెంటీమీటర్ల దాకా నోరుంటుంది. మూడిటికి 270. అంటే కావాల్సిన దాంట్లో ఆరో వంతు దారి ఇచ్చి, మూడు ఫ్యాన్లు పెట్టామని అట్ట మీద రాసుకున్నారన్నమాట.

కొయ్యడం మొదలెట్టే ముందు ఒక చిన్న పరీక్ష ఉంది, ఎవరైనా చేసుకోవచ్చు. పక్క డోరు తీసేసి అదే పని మళ్ళీ నడపండి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలో అంతకంటే ఎక్కువో తగ్గితే తప్పు డబ్బాది. పెద్దగా తేడా రాకపోతే డబ్బాని ఏం చేసినా లాభం లేదు, ప్రాసెసర్ మీద వేడిని లాగే లోహపు దిమ్మ, అదే హీట్‌సింక్, సంగతో, ఆ రెండిటి మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయిన సంగతో చూసుకోవాలి. నాకు 11 డిగ్రీలు తగ్గింది.

ఇప్పుడు కాస్త లెక్క. ఒక ఘనపు మీటరు గాలిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1,150 జౌళ్ళు కావాలి. నా ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డూ కలిసి 300 వాట్లు తింటాయనుకుందాం, అంటే సెకనుకి 300 జౌళ్ళ వేడి. ఫ్యాన్ల అట్టల మీద గాలిని సీఎఫ్ఎమ్‌లో, అంటే నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులు అని రాస్తారు. డబ్బాలోంచి 25 సీఎఫ్ఎమ్ గాలి పోతుంటే బయటికొచ్చే గాలి గది కంటే దాదాపు 22 డిగ్రీలు వేడిగా ఉంటుంది, 50 అయితే 11, 100 అయితే ఐదున్నర. గాలి రెట్టింపు చేసిన ప్రతిసారీ దక్కేది సగమే. అందుకే ఉక్కపోతతో అల్లాడుతున్న డబ్బాకి కొంచెం దారిచ్చినా పెద్ద మార్పు కనిపిస్తుంది, బాగానే ఊపిరాడుతున్న డబ్బాకి ఇంకో నాలుగు ఫ్యాన్లు తగిలిస్తే కరెంటూ మోతా తప్ప పెద్దగా ఒరిగేదేం లేదు.

అయితే అట్ట మీద రాసిన సీఎఫ్ఎమ్ ముందూ వెనకా అడ్డం లేనప్పటి లెక్క. సందు సగానికి తగ్గినా అంతే గాలి పోవాలంటే నాలుగు రెట్లు ఒత్తిడి కావాలి. ఫ్యాను నాలుగు రెట్లు ఒత్తిడి ఇవ్వాలంటే రెండింతల వేగంతో తిరగాలి, అలా తిరగడానికి ఎనిమిది రెట్లు కరెంటు తాగుతుంది, చప్పుడు 15 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. ఇదంతా ఎందుకు, సందు వెడల్పు చేస్తే పోలా?

ఇంకో మాట కూడా తరచూ వింటుంటాం, వేడి గాలి పైకి పోతుంది కాబట్టి డబ్బా పైన కన్నాలుంటే చాలని. పైకి పోవడం నిజమే, పొయ్యి మీద పొగగొట్టం పనిచేసేది అలాగే. కానీ అరమీటరు కూడా లేని డబ్బాలో పది డిగ్రీల తేడాకి పుట్టే ఆ తోపుడు పాస్కల్‌లో (ఒత్తిడికి కొలత) ఆరో వంతుకి మించదు, మామూలు 120 ఫ్యాను తెచ్చే ఒత్తిడి పది ఇరవై పాస్కల్స్. నూరింటికి ఒకటి. కాబట్టి ఫ్యాను ఎటు తోస్తే గాలి అటే పోతుంది. పై కప్పుకి ముందు చివర ఎగ్జాస్ట్ ఫ్యాను బిగిస్తే మరీ అన్యాయం, అప్పుడే లోపలికొచ్చిన చల్లగాలిని ప్రాసెసర్ దాకా పోనివ్వకుండా అది మధ్యలోనే లాగేస్తుంది.

పెద్ద కంపెనీలు కూడా ఈ విషయంలో తడబడ్డాయి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే డబ్బా, మదర్‌బోర్డుల నమూనా తెచ్చినప్పుడు, లోపలివాటికి కరెంటు అందించే పవర్ సప్లై ఫ్యాను బయటి గాలిని లోపలికి ఊది ప్రాసెసర్ మీద పడేలా ఉండాలనుకున్నారు. పవర్ సప్లై తన వేడిని కూడా కలిపి పంపిస్తుంటే అది చల్లగాలి ఎలా అవుతుంది, తర్వాత దాన్ని బయటికి ఊదేలా తిప్పేశారు. పెంటియం 4 రోజుల్లో ఒక్కో ప్రాసెసర్ 115 వాట్ల దాకా పోయేసరికి ఇంటెల్ వాళ్ళే పక్క డోరుకి, సరిగ్గా ప్రాసెసర్ ఎదురుగా, కన్నం పెట్టి లోపలికి చిన్న గొట్టం బిగించమన్నారు. గది 35 డిగ్రీలుంటే ప్రాసెసర్ ఫ్యాన్‌కి అందే గాలి 38 దాటకూడదని వాళ్ళ లెక్క. మే నెలలో మా గదే 38, ఇక గొట్టం పెట్టి ఏం లాభం అని నవ్వొచ్చింది గానీ, ఆ మూడు డిగ్రీల పట్టుదల మాత్రం నాకు నచ్చింది.

ఇక కోత. నా డబ్బాకి పక్క డోరు కూడా టెంపర్డ్ గ్లాసే, దానికి డ్రిల్లు పెడితే ఒక్క క్షణంలో మొత్తం పలుకులైపోతుంది, ఆ జోలికే పోవద్దు. ముందు అద్దం పీకేసి, దాని వెనకున్న ప్లాస్టిక్ ఫ్రేముకి హార్డ్‌వేర్ షాపులో దొరికే కన్నాల రేకు కోసి బిగించాను. దాని వెనక, ఫ్యాన్ల ఎదురుగా, ఇనప రేకులో తేనెపట్టులా గళ్ళు కొట్టి ఉన్నాయి. అవి సగం దారి మింగేస్తాయి, పైగా రెక్కలకి దగ్గరగా ఉండటం వల్ల ఈలలాంటి చప్పుడొకటి. మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గుండ్రం గీసుకుని, రేకు కత్తెరతో గళ్ళు ఒక్కోటీ తుంచేసి, అంచుని ఆకురాయితో రుద్దాను. కొత్తగా కన్నం పెట్టాల్సి వస్తే 120 ఫ్యాన్‌కి 115 మిల్లీమీటర్లు కోస్తే సరిపోతుంది, స్క్రూల మధ్య దూరం 105. కోసిన రేకు అంచు బ్లేడుతో సమానం, దానికి రబ్బరు బీడింగ్ తొడగాల్సిందే.

మదర్‌బోర్డు విప్పడానికి బద్ధకించి పైన గుడ్డ కప్పి కోశాను. బుద్ధి తక్కువ పని. కంప్యూటర్ ఆన్ అవలేదు. టార్చి వేసి వెతికితే ర్యామ్ స్లాటులో వెంట్రుకంత ఇనప రజను ఇరుక్కుని ఉంది, పెయింట్ బ్రష్‌తో తీస్తే లేచింది గానీ ఆ గంట టెన్షన్ నాకు తెలుసు. లోపలివన్నీ విప్పి అవతల పెట్టండి. కోత అయ్యాక అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు చుట్టి ఖాళీ డబ్బా అంతా తిప్పండి, రజను దానికి అంటుకుంటుంది, కవరు తిరగేసి పారేయొచ్చు.

దుమ్ముకి దోమల జాలీ ఒక పొర వేశాను. దాని తీగలే మూడో వంతు దారి తింటాయి, అయినా తప్పదు, మాది రోడ్డు పక్క ఇల్లు. లోపలికి ఊదే గాలి బయటికి లాగే గాలి కంటే కాస్త ఎక్కువ ఉండేలా చూసుకుంటే డబ్బాలోని చిన్నాచితకా సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము జాలీ దగ్గరే ఆగిపోతుంది. తిరగబడితే ప్రతి సందూ దుమ్ము పీలుస్తుంది.

ఇంత చేసి డబ్బాని మళ్ళీ కంప్యూటర్ టేబుల్ కింద గూట్లో పెట్టి నడిపితే తగ్గింది ఏడే డిగ్రీలు. డోరు తీసినప్పటి 11 ఏమైనట్టు? థర్మామీటర్ తీసుకెళ్ళి డబ్బా ముందు పెడితే 46 చూపించింది, గదిలో 38 ఉంటే! టేబుల్ గూడుకి మూడు పక్కలా ప్లైవుడ్. డబ్బా వెనక నుంచి ఊదిన వేడిగాలి చెక్కకి కొట్టుకుని, పక్క సందులోంచి తిరిగొచ్చి మళ్ళీ ముందు నోట్లోకే పోతోంది. మొన్న పరీక్షకి డోరు తీయడానికి డబ్బాని గూట్లోంచి బయటికి లాగాను కదా, ఆ పదకొండులో గూడు వాటా కూడా ఉందని అప్పుడు వెలిగింది. వేసవిలో ఎయిర్ కూలర్ పెట్టుకుని కిటికీలన్నీ మూసేసే వాళ్ళకి జరిగేది ఇదే, గాలి పోవడానికి దారి లేకపోతే చల్లదనం రాదు, ఉక్కపోత పెరుగుతుంది. వెనక చెక్క నాలుగు స్క్రూలతో ఉంది, విప్పేశాను. ముందు గాలి 39కి దిగింది. కోతకి రెండు రోజులు పట్టింది, దీనికి స్క్రూడ్రైవర్‌తో ఐదు నిమిషాలు, అదేదో ముందు చేసుంటే సగం చాకిరీ తప్పేది.

ఇప్పుడు అదే వీడియోకి ప్రాసెసర్ 86 దగ్గర ఆగుతోంది. అంతకంటే దింపాలంటే మిగిలింది గదే. మనిషి ఊరికే కూర్చుంటే ఒంట్లోంచి వంద వాట్ల వేడి వస్తుంది, అంటే నా కంప్యూటర్ గదిలో ముగ్గురు చుట్టాలు కూర్చున్నట్టు. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా డబ్బా లోపలి గాలి గది గాలి కంటే చల్లబడదు, గది ఒక డిగ్రీ పెరిగితే లోపల కూడా సుమారుగా ఒక డిగ్రీ పెరుగుతుంది. కిటికీ తెరుద్దామంటే నాలుగింటికి బయట 43. అందుకని ఇప్పుడు అలారం పెట్టుకుని తెల్లవారుజామున లేచి కిటికీలు తెరిచి రెండర్ మొదలెడుతున్నాను, అప్పుడు గది 30. ప్రాసెసర్ 78 దాటడం లేదు, ఫ్యాన్ల చప్పుడు కూడా పెద్దగా లేదు, పాలవాడు వచ్చేసరికి వీడియో అయిపోతోంది.