ఫోర్ట్రాన్ ప్రోగ్రాంలో సీ ర్యాండమ్ నంబర్లు

ఈశాన్య రుతుపవనాల కాలంలో తిరుపతి, చిత్తూరు మీద పడబోయే వానను అంచనా కట్టేవాళ్లు మోడల్‌ను ఒక్కసారి నడిపి ఊరుకోరు. మొదటి ఉష్ణోగ్రతల్ని, తేమను రవ్వంత అటూ ఇటూ కదిపి మళ్లీ మళ్లీ నడిపి చూస్తారు. ఆ కదలిక ఎంతో తేల్చడానికి ర్యాండమ్ నంబర్లు కావాలి. ఇలాంటి మోడళ్లలో చాలావరకు ఇప్పటికీ ఫోర్ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలోనే ఉన్నాయి. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉన్న ఈ ప్రాంతంలో, ఆ శాస్త్రం వైపు వెళ్లే విద్యార్థికి ఫోర్ట్రాన్ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

ఫోర్ట్రాన్‌కు 1990 ప్రమాణం నుంచే సొంతంగా ర్యాండమ్_నంబర్ ఉంది. అయినా మరో ప్రోగ్రామింగ్ భాష అయిన సీలోని ర్యాండ్ ఫంక్షన్‌ను ఫోర్ట్రాన్ నుంచి పిలవాల్సిన సందర్భాలు కొన్ని ఉంటాయి. ప్రోగ్రాంలో సగం సీలో ఉండి రెండు భాగాలూ ఒకే వరుస నుంచి అంకెలు తీసుకోవాలి, లేదా పాత సీ ప్రోగ్రాం ఫలితాన్ని అంకె తేడా లేకుండా మళ్లీ రాబట్టాలి. ఈ అవసరాలు లేకపోతే సొంతదే వాడండి, నాణ్యతలోనూ అదే మేలు.

2003 ప్రమాణంలో వచ్చిన ఐఎస్ఓ_సీ_బైండింగ్ మాడ్యూల్ ఈ పిలుపును సులువు చేసింది. ఇంటర్‌ఫేస్ బ్లాకులో (బయటి ఫంక్షన్ వివరాలు రాసే చోటు) సీ_ర్యాండ్ అనే ఫంక్షన్‌ను ప్రకటించి, దాని పక్కన బైండ్(సీ, నేమ్="ర్యాండ్") అని రాయాలి. ఫలితం రకం ఇంటీజర్(సీ_ఇంట్), అంటే సీ వాడే పూర్ణాంకం. లోపల ఇంపోర్ట్ అని ఒక వరుస రాయడం మరవకూడదు, ఎందుకంటే బయట తెచ్చుకున్న సీ_ఇంట్ ఇంటర్‌ఫేస్ లోపలికి దానంతటది రాదు. లైనక్స్‌లో విడిగా సీ ఫైలు ఏదీ అక్కర్లేదు, జీఫోర్ట్రాన్ అనే కంపైలర్ సీ లైబ్రరీని తానే లింక్ చేస్తుంది.

ఫోర్ట్రాన్‌లోనూ దాన్ని ఉత్త ర్యాండ్ అనకుండా సీ_ర్యాండ్ అనడానికి కారణం ఉంది. జీఫోర్ట్రాన్‌కు ర్యాండ్, ఎస్‌ర్యాండ్ అనే సొంత అదనపు ఫంక్షన్లు ఉన్నాయి. ఇంటర్‌ఫేస్ రాయకుండా ర్యాండ్ అంటే పలికేది అదే. అది 0కి, 1కి మధ్య దశాంశాన్ని ఇస్తుంది, సీ దాకా పిలుపు వెళ్లనే వెళ్లదు. వచ్చినవి చూడ్డానికి బాగానే ఉంటాయి కాబట్టి అనుమానం రాదు. ఈ పని మొత్తంలో అసలు ప్రమాదం ఇదే: ర్యాండమ్ నంబరు తప్పైనా తప్పులా కనబడదు.

సీడ్, అంటే వరుస మొదలయ్యే విలువ, ఇచ్చే ఎస్‌ర్యాండ్ దగ్గరా అదే చిక్కు. ఫోర్ట్రాన్ మామూలుగా విలువ ఉన్న చిరునామాను పంపుతుంది, సీ మాత్రం విలువనే ఆశిస్తుంది. ఆర్గ్యుమెంట్‌కు వాల్యూ అని చేర్చకపోతే మెమరీ చిరునామాలో కొంత ముక్క సీడ్‌గా మారుతుంది. మీరిచ్చిన 1 ఎటో పోతుంది, చాలా యంత్రాల్లో నడిపినప్పుడల్లా వేరే వరుస వస్తుంది. పరీక్ష సులువే. లైనక్స్‌లోని సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీలో సీడ్ 1 ఇస్తే మొదటి మూడు అంకెలు 1804289383, 846930886, 1681692777. ఇవి రాకపోతే ముందుకు వెళ్లకండి. మైక్రోసాఫ్ట్ లైబ్రరీలో మొదటిది 41, అక్కడ గరిష్ఠం కూడా 32767 మాత్రమే.

జీలిబ్‌సీలో గరిష్ఠం 2147483647. దీన్ని సీలో ర్యాండ్_మ్యాక్స్ అంటారు. అది మ్యాక్రో, అంటే సీ కంపైలర్ మాత్రమే చూసే పేరు, కాబట్టి ఫోర్ట్రాన్‌కు అందదు, అంకెను మనమే రాసుకోవాలి. 0కి, 1కి మధ్య దశాంశం కోసం ఆ గరిష్ఠంతో భాగించే దగ్గర చాలామంది దెబ్బతింటారు. మామూలు రియల్ (దశాంశ సంఖ్య) రకంలో 24 బిట్ల కచ్చితత్వమే ఉంటుంది, అందుకని పైచివరి 64 విలువలూ 2147483648కి గుండ్రమై, భాగిస్తే సరిగ్గా 1.0 ఇస్తాయి. సగటున 3 కోట్ల 35 లక్షల పిలుపులకు ఒకసారి ఇది జరుగుతుంది, చిన్న పరీక్షలో బయటపడదు. నలభై గడుల అరేలో (వరుస గడుల పట్టీ) ఒక గడిని ఎంచడానికి ఆ 1.0ను 40తో గుణించి, పూర్ణాంకం చేసి, 1 కలిపితే 41. ఆ అరేలో 41వ గడి లేదు, పక్కనున్న మెమరీ పాడవుతుంది. ఎక్కువ కచ్చితత్వమున్న సీ_డబుల్ రకానికి మార్చి 2147483648.0_సీ_డబుల్‌తో భాగించండి, ఫలితం ఎప్పుడూ 1 కంటే తక్కువే ఉంటుంది. 2147483647+1 అని పూర్ణాంకాల్లో రాస్తే అది 32 బిట్లలో పట్టదు. కంపైల్ చేసేటప్పుడు -ఎఫ్‌చెక్=బౌండ్స్ పెడితే హద్దు దాటినచోటే ప్రోగ్రాం ఆగుతుంది.

అరే మొత్తానికి ఒకే వాక్యంలో సీ_ర్యాండ్() ఇవ్వకూడదు. ఫంక్షన్ ఒక్కసారే నడిచి, వచ్చిన ఒకే అంకె గడులన్నిటిలో పడుతుంది. ర్యాండమ్_నంబర్‌కు అలవాటుపడినవాళ్లకు ఇది తట్టదు, దానికి అరే ఇస్తే గడి గడికీ వేరే అంకె నింపుతుంది. సీకి మాత్రం డూ లూప్ తప్పదు.

పనిని ఒకేసారి నడిచే థ్రెడ్లకు పంచే ఓపెన్‌ఎంపీ వాడినప్పుడు ర్యాండ్‌ను పక్కన పెట్టాలి. థ్రెడ్లన్నీ ఒకే లోపలి స్థితిని పంచుకుంటాయి, ఏ అంకె ఎవరికి దక్కిందో నడిపిన ప్రతిసారీ మారుతుంది. దాని బదులు సీలోని మరో ఫంక్షన్ ఈఆర్‌ఏఎన్‌డీ48 వాడాలి, దానికి స్థితిని మనమే ఇస్తాం: సీ_షార్ట్ రకం మూడు గడుల అరే, థ్రెడ్‌కు ఒకటి, ఒక్కోదానికి వేరే ఆరంభ విలువలు. ఇక్కడ వాల్యూ పెట్టకూడదు, ఆ అరేను సీ మార్చాలి కాబట్టి చిరునామానే వెళ్లాలి. ఫలితం సీ_డబుల్‌లో, 0 నుంచి 1 లోపు నేరుగా వస్తుంది, భాగహారంతో పని లేదు.