"నా బాప్తిస్మం చెల్లుతుందా అయ్యగారూ?" : అపోహలు - వాస్తవాలు

సిఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో ఇరవై ఏళ్లకు పైగా ప్రెస్బిటర్‌గా, అంటే పాస్టర్‌గా పనిచేస్తున్నాను. పిల్లల ఉద్యోగం కోసమో, ఒంట్లో బాగోలేదనో ప్రార్థనకు వచ్చినవాళ్లు వెళ్లేముందు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. ఆ మధ్య ఒక పెద్దావిడ వచ్చారు. పసితనంలో మా సంఘంలోనే ఒకసారి, పెళ్లయ్యాక కాలువలో ఒకసారి, ఇంకో సంఘానికి మారాక తొట్టిలో మూడోసారి బాప్తిస్మం తీసుకున్నారట. ఇప్పుడు ఎవరో అదీ చెల్లదన్నారు. నాలుగోసారి ఇమ్మని అడిగారు. ఆమె పడుతున్న టెన్షన్ చూశాకే ఇది రాయాలనిపించింది.

అపోహ: నిండా మునిగితేనే బాప్తిస్మం.

గ్రీకులో ఆ మాటకు ముంచడం అనే అర్థం ఉన్న మాట నిజమే. క్రీస్తుతో పాతిపెట్టబడి తిరిగి లేస్తామని బైబిల్లోని రోమా పత్రిక 6వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు చెప్పింది, మనిషి నీళ్లలో మునిగి లేచినప్పుడే కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన పెద్దవాళ్లు కోరితే నేనూ సంతోషంగా ముంచే ఇస్తాను. అయితే అపొస్తలుల తర్వాతి తరాల్లో రాసిన డిడాఖే అనే బోధ చూడండి. పారే నీళ్లుంటే వాటిలో ఇవ్వాలి, లేకపోతే వేరే నీళ్లలో. చన్నీళ్లు కుదరకపోతే వేడినీళ్లు. రెండూ లేకపోతే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో తల మీద మూడుసార్లు పోస్తే చాలు. ముంచడానికి నీళ్లు చాలవని ఎవరినీ వెనక్కి పంపలేదు.

అపోహ: బాప్తిస్మమిచ్చిన పాస్టర్ తప్పు చేస్తే మన బాప్తిస్మమూ పోతుంది.

ఇది మనుషుల్ని లోపల్లోపల తినేసే భయం. ఒక ఊళ్లో పాస్టర్ డబ్బు విషయంలో తప్పు చేశాడని తెలిశాక, ఆయన చేతిమీదుగా బాప్తిస్మం పొందిన కుటుంబాలు నా దగ్గరికొచ్చి ఏడ్చాయి. వాళ్లకు నేను ఉత్తర ఆఫ్రికా సంగతి చెప్పాను.

303లో రోమా చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవుల్ని హింసించడం మొదలుపెట్టి, లేఖనాలు అప్పగించమన్నాడు. కొందరు బిషప్పులు, పెద్దలు ప్రాణభయంతో అప్పగించేశారు. హింస ఆగాక ఉత్తర ఆఫ్రికాలో డొనాటిస్టులు అనే వర్గం లేచి, అలాంటి ద్రోహులిచ్చిన బాప్తిస్మం లాంటి సంస్కారాలు చెల్లవంది, తమ దగ్గరికి వచ్చినవాళ్లకు మళ్లీ బాప్తిస్మమిచ్చింది. 314లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆర్ల్ నగరంలో కూడిన సంఘ పెద్దల సభ దీనికి ఒప్పుకోలేదు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అనే త్రియేక దేవుని నామంలో బాప్తిస్మం పొందినవాళ్లకు మళ్లీ ఇవ్వక్కర్లేదని తేల్చింది. ఆ తర్వాత ఉత్తర ఆఫ్రికాలోనే బిషప్పుగా ఉన్న అగస్టీన్ ఇంకా ముందుకెళ్లాడు. పేతురు ఇచ్చినా, చివరికి యేసును అప్పగించిన యూదా ఇచ్చినా, బాప్తిస్మమిచ్చేది క్రీస్తే అన్నాడు. ఇచ్చేవాడి పవిత్రత మీద ఆధారపడాల్సి వస్తే మనలో ఎవరికైనా నిద్ర పడుతుందా? నేను ఎవరికి బాప్తిస్మమిచ్చినా, అది నా మంచితనం మీద నిలబడలేదన్న మాటే నాకు ధైర్యం.

పసిపిల్లల బాప్తిస్మం చెల్లదంటారు కదా?

దీన్ని అపోహ అని కొట్టిపారేయను. నిజాయితీ గల విశ్వాసులు రెండు వైపులా ఉన్నారు. నమ్మినవాళ్లే తీసుకోవాలని బాప్టిస్టు, పెంతెకొస్తు సహోదరులు అంటారు. బైబిల్లో లూదియ అనే విశ్వాసి ఇంటివాళ్లు, ఫిలిప్పీ చెరసాల నాయకుడి ఇంటివాళ్లు అందరూ పొందారు కదా అని మేమంటాం. ఆ ఇళ్లలో పసివాళ్లున్నారని లేఖనం చెప్పలేదు, లేరనీ చెప్పలేదు. ఈ గొడవలో రక్తం కూడా చిందింది. విశ్వాసుల బాప్తిస్మం కోసం నిలబడ్డ ఫెలిక్స్ మాంజ్‌ను 1527లో జ్యూరిక్ ప్రభుత్వం లిమ్మత్ నదిలో ముంచి చంపింది. అది క్రైస్తవులు సిగ్గుపడాల్సిన రోజు.

మా సంఘంలో పసితనంలో పొందినవాళ్లు పెద్దయ్యాక కన్ఫర్మేషన్‌లో తమ నోటితో విశ్వాసం ఒప్పుకుంటారు. మళ్లీ బాప్తిస్మం మాత్రం ఇవ్వం. ఎఫెసులో పన్నెండు మందికి పౌలు మళ్లీ ఇప్పించాడు కదా అని అడుగుతారు. వాళ్లు అంతకుముందు పొందింది బాప్తిస్మమిచ్చే యోహాను పేరున్న బాప్తిస్మమే, యేసు నామంలోది కాదు.

అపోహ: మన పల్లెల్లో జరిగిన సామూహిక బాప్తిస్మాలు కూటి కోసమే.

ఈ మాట విన్నప్పుడల్లా ఒంగోలు గుర్తొస్తుంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి పని ఇప్పించారు. బాప్తిస్మమివ్వమని గుంపులుగా వచ్చి అడిగినా, కూలి పని సాగుతున్నంత కాలం ఇవ్వలేదు. కడుపు కోసం వచ్చారనే అనుమానానికి చోటు ఉండకూడదనే అలా చేశారు. సహాయం పని ముగిశాకే మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మాదిగలు. కూలి ఆగిపోయాక కూడా నది దాకా నడిచొచ్చినవాళ్లను కూటి కోసం వచ్చారనడం వాళ్లను అవమానించడమే.

అపోహ: బాప్తిస్మమప్పుడు పేరు మార్చుకోవాలి.

అలాంటి ఆజ్ఞ లేదు. పౌలు స్నేహితుల్లో అపొల్లో, ఎపఫ్రొదితు ఉన్నారు. అవి గ్రీకు దేవతల పేర్ల నుంచి వచ్చినవే, ఎవరూ మార్చమనలేదు. అమ్మానాన్న పెట్టిన పేరు ఉంచుకోండి.

ఇక బాప్తిస్మం లేకుండా చనిపోతే నరకమేనా అంటే, తన పక్కన సిలువ మీదున్న దొంగకు యేసు ఏం చెప్పాడో చదవండి: నేడే నాతో పరదైసులో ఉంటావని. అది చదివి బాప్తిస్మం అక్కర్లేదని మాత్రం అనుకోకండి. అతనికి సిలువ దిగే అవకాశం లేదు, మనకుంది.

ఆ పెద్దావిడకు నాలుగోసారి ఇవ్వలేదు. ఆమె పుట్టిన ఊరి సంఘానికి ఫోన్ చేసి పాత రిజిస్టర్ వెతికించాను. రెండు రోజులకు ఫోటో వచ్చింది. ఆమె పేరు, అమ్మానాన్నల పేర్లు, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మమిచ్చిన అయ్యగారి సంతకం అందులో ఉన్నాయి. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని తల్లి పేరు దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత, "వచ్చే ఆదివారం ప్రభువు బల్లకు రావచ్చా?" అని అడిగారు.