ఆండ్రాయిడా, ఐఓఎస్సా అనే ముందు

కొత్త ఫోన్ చేతికి రాగానే కెమెరా జోలికి పోకుండా నేరుగా సెట్టింగ్స్‌లోకి దూరే రకం మనుషులు కొందరుంటారు. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మంచిదన్న వాదన వీళ్ల మధ్య ఇరవై ఏళ్లుగా తెగలేదు. వినేవాళ్లకు అదంతా విడ్జెట్లు, యానిమేషన్లు, బ్యాటరీ గురించిన గొడవలా అనిపిస్తుంది. నా లెక్కలో అసలు తగాదా వేరే ఉంది: డబ్బు పెట్టి కొనుక్కున్న ఫోన్లో ఏది నడవొచ్చో, ఏది నడవకూడదో చెప్పే హక్కు ఎవరిది?

ఈ తగాదా ఐఫోన్‌తోనో ఆండ్రాయిడ్‌తోనో పుట్టలేదు. అంతకుముందు సింబియన్ అనే ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. సయాన్, నోకియా, ఎరిక్సన్, మోటరోలా కలిసి 1998లో అదే పేరుతో పెట్టిన కంపెనీది అది. తొలినాళ్లలో సింబియన్ ఫోన్లో ఏ ఇన్‌స్టాలేషన్ ఫైల్ దొరికితే అది వేసుకునే వీలుండేది. 2004లో కబీర్ అనే వైరస్ బ్లూటూత్ ద్వారా ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పాకడం మొదలయ్యాక కంపెనీలకు భయం పట్టుకుంది. ఆ తర్వాత వచ్చిన 9వ వెర్షన్‌లో ప్రతి యాప్‌కూ డిజిటల్ సంతకం ఉండాలన్నారు. సిస్టమ్ లోతుల్లోకి వెళ్లే అనుమతులు కావాలంటే ఫోన్ తయారీదారే ఒప్పుకోవాలి. సొంత ఫోన్లో సొంత ప్రోగ్రామ్ పెట్టుకోవడానికి కూడా ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య ఐఎంఈఐతో ముడిపెట్టిన సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సిన పరిస్థితి.

ఆ సర్టిఫికెట్లకు గడువు ఉండేది. గడువు దాటిన యాప్ ఎక్కించబోతే ఫోన్ ససేమిరా అనేది. దానికి అప్పట్లో అందరికీ తెలిసిన విరుగుడు ఒకటే: ఫోన్ తేదీని ఏడాదో రెండేళ్లో వెనక్కి తిప్పి, యాప్ ఎక్కించి, మళ్లీ తేదీ సరిచేసుకోవడం. కొన్నాళ్లకు ఆ అనుమతుల కాపలానే తీసిపారేసే హ్యాక్‌లు వచ్చాయి. భద్రత పేరుతో సంతకం అడగడం, ఔత్సాహికులు దాని చుట్టూ దారి వెతుక్కోవడం, ఆ దారిని కంపెనీ మూసేయడం... ఇవాళ మనం చూస్తున్న ఆట అప్పుడే మొదలైంది.

2007 జూన్‌లో అమ్మకానికొచ్చిన ఐఫోన్లో బయటి యాప్‌లకు చోటే లేదు, వెబ్ యాప్‌లతో సరిపెట్టుకోమన్నారు. జనం ఆగుతారా? ఆ వేసవిలోనే జైల్‌బ్రేక్, అంటే ఆపిల్ వేసిన కట్టడిని తెంచి బయటి యాప్‌లు ఎక్కించుకోవడం, మొదలైంది. ఆపిల్ యాప్ స్టోర్ 2008 జూలైలో తెరుచుకుంటే, జైల్‌బ్రేక్ చేసినవాళ్ల కోసం జే ఫ్రీమన్ తయారుచేసిన సిడియా అనే యాప్‌ల అంగడి అంతకు కొన్ని నెలల ముందే వచ్చేసింది. కాపీ, పేస్ట్ లాంటి మామూలు సౌకర్యం కూడా ఐఫోన్‌కు అధికారికంగా 2009లో గానీ రాలేదు. వైఫై, బ్లూటూత్ మీటలను ఒక్క స్వైప్‌తో అందించే కంట్రోల్ సెంటర్ 2013లో వచ్చేసరికి, జైల్‌బ్రేక్ చేసినవాళ్లు అలాంటిదాన్ని ఏళ్లుగా వాడుతున్నారు. ఆపిల్ వీళ్లను ఆపడానికి ఎంత కష్టపడిందో, వీళ్లను చూసి అంత నేర్చుకుందని నా అభిప్రాయం. 2010లో అమెరికా కాపీరైట్ నిబంధనల్లో జైల్‌బ్రేక్‌కు మినహాయింపు దొరికింది. అయినా ఆ ఉద్యమం క్రమంగా చల్లబడింది. కావాల్సిన సౌకర్యాలు ఒక్కొక్కటే అధికారికంగా వచ్చేశాయి, మరోపక్క సిస్టమ్‌లో లోపాలు దొరకడం కష్టమైపోయింది.

ఆండ్రాయిడ్ కథ ఇంకా సరదాగా మొదలైంది. 2008 చివర్లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1లో ఒక వింత లోపం బయటపడింది. కీబోర్డు మీద ఏది టైప్ చేసినా ఆ అక్షరాలు తెరమీదికే కాక, వెనకాల రూట్ అధికారంతో, అంటే సిస్టమ్ మొత్తం మీద హక్కుతో, నడుస్తున్న షెల్ అనే ఆదేశాల ప్రోగ్రామ్‌లోకి కూడా వెళ్లేవి. చాటింగ్‌లో 'రీబూట్' అన్న ఇంగ్లీషు మాట కొట్టి ఎంటర్ నొక్కితే ఫోన్ నిజంగానే రీబూట్ అయ్యేది! గూగుల్ త్వరగానే ఆ లోపాన్ని సరిచేసింది గానీ, ఈలోపు దాన్నే వాడుకుని జనం ఫోన్‌ను రూట్ చేసేశారు.

అక్కడి నుంచి కస్టమ్ రోమ్‌ల కాలం, అంటే ఫోన్‌తో వచ్చిన సిస్టమ్‌ను తీసేసి ఔత్సాహికులు మార్చిన సిస్టమ్‌ను ఎక్కించుకోవడం. స్టీవ్ కాండిక్ మొదలుపెట్టిన సైనోజెన్‌మాడ్ అనే రోమ్‌కు 2009 సెప్టెంబరులో గూగుల్ నోటీసు పంపింది. ఆండ్రాయిడ్ కోడ్ ఎవరైనా వాడుకోగల ఓపెన్ సోర్సే, కానీ జీమెయిల్, మ్యాప్స్, మార్కెట్ (ఇప్పటి ప్లే స్టోర్) యాప్‌లు గూగుల్ సొత్తు, వాటిని రోమ్‌లో కలిపి పంచకూడదు. అప్పటి నుంచి రోమ్ ఒక ఫైలు, గూగుల్ యాప్‌లు వేరే ఫైలు. రోమ్ ఎక్కించుకునేవాళ్లకు నేటికీ ఇదే అలవాటు. నాకు తెలిసి ఈ మొత్తం చరిత్రలో ఎక్కువ బరువున్న ఘటన ఇదే. ఆండ్రాయిడ్‌లో జనానిదేదో, గూగుల్‌దేదో ఆ నోటీసుతో తేలిపోయింది. కొన్ని నెలలకే అదే గూగుల్, కంప్యూటర్ నుంచి ఇచ్చే ఒక్క ఫాస్ట్‌బూట్ కమాండ్‌తో బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) తాళం తెరుచుకునే నెక్సస్ వన్ ఫోన్‌ను అమ్మడం ఇంకో విచిత్రం.

ఆ రోజుల్లో ఎంపిక ఎంత విశాలంగా ఉండేదో చెప్పడానికి హెచ్‌టీసీ హెచ్‌డీ2 చాలు. 2009లో విండోస్ మొబైల్ 6.5తో వచ్చిన ఫోన్ అది. మైక్రోసాఫ్ట్ దానికి విండోస్ ఫోన్ 7 ఇవ్వనంది. ఔత్సాహికులు దాని మీద విండోస్ ఫోన్ 7ను ఎక్కించారు, ఆండ్రాయిడ్‌ను ఎక్కించారు, ఉబుంటు, మీగో అనే లినక్స్ సిస్టమ్‌లను కూడా వదల్లేదు.

మిగతా పోటీదారులు మాత్రం చకచకా రాలిపోయారు. 2009లో పామ్ తెచ్చిన వెబ్‌ఓఎస్‌లో యాప్‌లను కార్డుల్లా పరిచి, అక్కర్లేనిదాన్ని పైకి విసిరేసే పద్ధతి ఉండేది. ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉన్నది అదే. పామ్‌ను 2010లో కొన్న హెచ్‌పీ, మరుసటి ఏడాదే వెబ్‌ఓఎస్ పరికరాల తయారీ ఆపేసింది. నోకియా లినక్స్ ఫోన్లు ఎన్900, ఎన్9 ఇష్టపడినవాళ్లు ఇప్పటికీ వాటి పేరెత్తితే నిట్టూరుస్తారు. 2011 ఫిబ్రవరిలో నోకియా మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలపడంతో ఆ దారి మూసుకుపోయింది. విండోస్ ఫోన్‌ను దెబ్బతీసింది డిజైన్ లోపం కాదు, యాప్‌ల కరువు. మైక్రోసాఫ్ట్ తానే యూట్యూబ్ యాప్ రాసుకుంటే 2013లో గూగుల్ దాన్ని అడ్డుకుంది. ఫైర్‌ఫాక్స్ ఓఎస్, ఉబుంటు టచ్‌లను వాటి కంపెనీలు వదిలేశాయి.

అలా రెండే మిగిలాయి. ఫోన్‌ను తమకు నచ్చినట్టు మలచుకుని వాడేవాళ్లు సహజంగానే ఆండ్రాయిడ్ వైపు చేరారు. ఈలోగా తాళం వేసే చోటు మారింది. 2016 నాటికి, ఫోన్ సిస్టమ్‌ను ఎవరైనా మార్చారా అని చూసే గూగుల్ సేఫ్టీనెట్ పరీక్ష బూట్‌లోడర్ తెరిచి ఉన్న ఫోన్‌ను కూడా పట్టేసేది. చెల్లింపుల యాప్‌లు, ఆ ఏడాది ఊపేసిన పోకెమాన్ గో సైతం రూట్ చేసిన ఫోన్లను వద్దన్నాయి. రూట్‌ను దాచే ఉపాయాలు కొన్నాళ్లు పనిచేశాయి. తర్వాత ఫోన్ చిప్‌లో దాచిన రహస్య కీతో సంతకం చేసిన నివేదిక సర్వర్‌కు వెళ్లే ఏర్పాటు వచ్చింది. ఫోన్ మొత్తం మన చేతిలో ఉన్నా ఆ నివేదికను మార్చలేం. రోమ్ వేసుకోవద్దని ఎవరూ అనరు. వేసుకుంటే బ్యాంకు యాప్ తెరుచుకోకపోవచ్చు, అంతే. హువావే లాంటి కంపెనీలయితే 2018లో బూట్‌లోడర్ తాళం తెరిచే కోడ్‌లు ఇవ్వడమే మానేశాయి. గోప్యత కోసం గూగుల్‌ను దూరం పెట్టాలనుకునేవాళ్లు మెచ్చే గ్రాఫీన్‌ఓఎస్ అనే రోమ్ చాలాకాలం గూగుల్ పిక్సెల్ ఫోన్ల మీదే నడవడం ఈ కథలో పెద్ద చమత్కారం. వేరే సిస్టమ్ ఎక్కించాక బూట్‌లోడర్‌కు సొంత కీతో తిరిగి తాళం వేసుకోనిచ్చే ఫోన్లు అంత అరుదు మరి.

ఇప్పుడు రెండు సిస్టమ్‌లూ ఎదురెదురుగా నడిచొస్తున్నాయి. యూరోపియన్ యూనియన్ చట్టం వల్ల 2024 మార్చిలో ఆపిల్ అక్కడి ఐఫోన్లలో వేరే యాప్ స్టోర్లను అనుమతించింది. 2025లో గూగుల్ ఆండ్రాయిడ్ అభివృద్ధి పనిని కంపెనీ లోపలికే పరిమితం చేసి, పూర్తయ్యాకే కోడ్ విడుదల చేస్తామంది. అదే ఆగస్టులో ఇంకో ప్రకటన: ప్లే స్టోర్ బయటి నుంచి వేసుకునే యాప్‌లైనా సరే, రాసినవాళ్లు గూగుల్ దగ్గర తమ గుర్తింపు నిరూపించుకోవాలి. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెట్టాలన్నది అప్పటి ప్రణాళిక. నిరసన గట్టిగా రావడంతో, నవంబరులో గూగుల్ కాస్త తగ్గి, అనుభవమున్న వినియోగదారులకు హెచ్చరికలతో కూడిన వేరే దారి ఉంచుతామంది. ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి ఏడీబీ కమాండ్‌తో యాప్ ఎక్కించుకునే పద్ధతికి మాత్రం ఈ నిబంధన మొదటి నుంచీ వర్తించదని చెబుతూనే ఉంది.