తగ్గని కమిలిన మచ్చ: చర్మంలో రక్తనాళాల క్యాన్సర్‌పై అపోహలు - వాస్తవాలు

చర్మ క్యాన్సర్ అనగానే నల్లగా పెరిగే పుట్టుమచ్చే అందరికీ గుర్తొస్తుంది. రక్తనాళాల లోపలి పొర నుంచి పుట్టే ఆంజియోసార్కోమా పేరు విన్నవాళ్లు తక్కువ. అరుదైన జబ్బే, కాదనను. కానీ చూడ్డానికి దెబ్బ తగిలి కమిలినట్టే ఉండడంతో చాలామంది ఆలస్యంగా వస్తారు.

అపోహ: "ఎక్కడో తగిలించుకుని ఉంటారు, అదే తగ్గుతుంది."

ఇంట్లో పెద్దవాళ్ల విషయంలో అందరూ అనే మాట ఇదే. నిజంగా దెబ్బ తగిలి కమిలితే నీలం నుంచి ఆకుపచ్చకి, పసుపుకి రంగు మారుతూ రెండు మూడు వారాల్లో పోతుంది. ఈ క్యాన్సర్ మచ్చ పోదు. అంచు తెలియకుండా మెల్లగా పరుచుకుంటుంది, చుట్టూ వాస్తుంది. ఆ తర్వాత ఊదారంగు బుడిపెలు లేచి, తాకితే రక్తం కారుతుంది. ఎక్కువగా అరవై, డెబ్భై దాటినవాళ్లకు మాడు మీద, నుదుటి మీద, ముఖం మీద వస్తుంది. జుట్టు కింద ఉంటే ఎవరికీ కనపడదు. తిరుమలలో గుండు చేయించుకున్నాక "నాన్నా, నెత్తి మీద ఇదేంటి?" అని పిల్లలు గమనిస్తే అదృష్టమే. అప్పుడైనా పసర్లు, ఆయింట్‌మెంట్లు పూస్తూ నెలలు గడపకండి.

అనుమానం వస్తే మేం క్లినిక్‌లో చేసే చిన్న పరీక్ష ఒకటుంది. తల గుండె కంటే కిందికి వచ్చేలా ఓ పది సెకన్లు వంచమంటాం. మచ్చలో రక్తం నిండి, ఉబ్బి, ముదురు ఊదారంగుకి తిరిగితే అనుమానం బలపడుతుంది. మారనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి, పెద్దవాళ్లకు కళ్లు తిరుగుతాయి.

అపోహ: "ముక్క తీస్తే పాకుతుంది."

ఈ మాట వింటే నాకు నిజంగా విసుగొస్తుంది. ముక్క తీసి పరీక్షించకుండా (బయాప్సీ చేయకుండా) దీన్ని నిర్ధారించలేం. సీడీ31, ఈఆర్‌జీ లాంటి మార్కర్లతో, అంటే కణం ఏ రకమో చెప్పే గుర్తులతో చూస్తేనే అవి రక్తనాళాల కణాలని తేలుతుంది. పాకడం ఈ జబ్బు స్వభావం. పైకి అరచేతిలో సగం మచ్చే కనపడినా, చర్మం లోపల అంతకంటే దూరం వెళ్లి ఉండొచ్చు. అందుకే హద్దు తెలుసుకోవడానికి మచ్చ చుట్టూ కూడా కొన్ని చోట్ల ముక్కలు తీస్తుంటాం. పైపైన తీసిన ముక్కలో "ఏమీ లేదు" అని రిపోర్టు వచ్చినా, మచ్చ పెరుగుతుంటే మళ్లీ లోతుగా తీయాల్సిందే. ఛాతీకి సీటీ స్కాన్ కూడా తప్పదు, ఎందుకంటే ఇది ఊపిరితిత్తులకు ఎక్కువగా పాకుతుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉన్నట్టుండి ఆయాసం రావడమే కొందరిలో దానికి మొదటి గుర్తు.

అపోహ: "రొమ్ము క్యాన్సర్ తగ్గింది, కరెంటు కూడా పెట్టించేశాం. ఇక ఆ వైపు చూసుకోనక్కర్లేదు."

చూసుకోవాలి. రేడియేషన్ ఇచ్చిన చోట చాలా ఏళ్ల తర్వాత, తరచుగా 5 నుంచి 10 ఏళ్ల మధ్య, ఆంజియోసార్కోమా రావచ్చు. ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి వాచిపోయి ఉన్న చేతిలో వచ్చే రకాన్ని 1948లోనే స్టీవార్ట్, ట్రీవ్స్ అనే వైద్యులు వివరించారు. పాత బోదకాలులో కూడా అరుదుగా కనిపించింది. అలాగని ఈ భయంతో రేడియేషన్ వద్దనడం తెలివితక్కువ పని. దానివల్ల కలిగే మేలు ముందు ఈ ముప్పు చాలా చిన్నది.

అపోహ: "ఒంటి మీద ఎర్ర చుక్కలు వస్తున్నాయి, ఇదేనేమో!"

టెన్షన్ వద్దు. వయసుతో పొట్ట మీద, ఛాతీ మీద వచ్చే చిన్న ఎర్ర చుక్కలు సాధారణంగా హానిలేనివే. పసిపిల్లల ఎర్ర గడ్డలు కూడా చాలావరకు వాటంతట అవే కుంచించుకుపోతాయి.

అపోహ: "కపోసి సార్కోమా వచ్చిందంటే ఎయిడ్స్ ఉన్నట్టే."

కాదు. ఇది రక్తనాళాల కణాల్లో వచ్చే వేరే రకం క్యాన్సర్. 1994లో గుర్తించిన హెచ్‌హెచ్‌వీ-8 అనే వైరస్ దీనికి మూలం. కిడ్నీ మార్పిడి తర్వాత ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవారికీ వస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఆ వైరస్‌ను అదుపు చేసే ఏఆర్‌టీ మందులతోనే చాలాసార్లు మచ్చలు తగ్గుముఖం పడతాయి.

అపోహ: "ఆంజియోసార్కోమా అని తేలాక చేసేదేం లేదు."

మొండి జబ్బని ఒప్పుకుంటాను. తీసేసినా తిరగబెట్టడం మామూలే. కానీ చిన్నగా ఉండగా దొరికినదానికీ, మాడంతా పరుచుకున్నాక దొరికినదానికీ చాలా తేడా ఉంది. వీలైతే వెడల్పుగా కోసి తీసేసి, తర్వాత రేడియేషన్ ఇస్తారు. కోయడం కుదరకపోతే పాక్లిటాక్సెల్ అనే కీమో మందును తరచుగా వారానికోసారి ఇస్తారు, చాలామందిలో గడ్డ తగ్గుతుంది కూడా. కాబట్టి కత్తి పట్టకముందే సర్జన్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్ కలిసి కూర్చుని ప్లాన్ వేసే ఆస్పత్రికి వెళ్లండి, బయాప్సీ స్లైడ్లూ, తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన బ్లాకులూ వెంట తీసుకెళ్లండి.