తీవ్రత వేరు, పరిమాణం వేరు

2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో పుట్టిన భూకంపానికి హైదరాబాదు, విజయవాడల దాకా ఇళ్లు ఊగాయి. ఆ రోజంతా అందరి నోటా వినిపించిన మాట ‘తీవ్రత 5.3’. నిజానికి అది తీవ్రత కాదు, పరిమాణం. భూగర్భంలో విడుదలైన శక్తిని తెలిపే పరిమాణం ఒక భూకంపానికి ఒక్కటే ఉంటుంది. అది ఒక అంకె పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లవుతుంది. తీవ్రత మాత్రం ఊరికో తీరు: అక్కడ నేల ఎంత ఊగింది, గోడలు బీటలు వారాయా, ఇళ్లు కూలాయా అన్నదాన్ని బట్టి 1 నుంచి 12 వరకు దానిని లెక్కిస్తారు.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చిన భూకంప పరిమాణం 6.2 మాత్రమే. అయినా మట్టితో పేర్చిన లావుపాటి రాతి గోడలు, వాటిపై మోపిన మట్టి కప్పులు నిద్రలో ఉన్నవారి మీద కూలి వేలమంది చనిపోయారు. భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా విభజించిన అప్పటి పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న ఒకటో జోన్‌లో ఉండేది. 2002లో భూకంపాలను తట్టుకునే డిజైన్‌కు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 1893ను సవరించినప్పుడు ఆ జోన్‌నే ఎత్తివేసి రెండో జోన్‌లో కలిపేశారు. 2001 జనవరి 26న కచ్ కంపించినప్పుడైతే, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూడా అపార్టుమెంట్లు కూలాయి. పార్కింగ్ కోసం కింది అంతస్తును గోడలు లేకుండా పిల్లర్ల మీద నిలిపిన భవనాలు వాటిలో చాలా ఉన్నాయి. పై అంతస్తులు గోడలతో బిగుసుకుని ఉంటే ఊపంతా ఆ కింది పిల్లర్లే భరించాల్సి వస్తుంది.

పెద్ద భూకంపంలో భవనానికి బీట కూడా పడకూడదని మన ప్రమాణం కోరదు. దెబ్బ తిన్నా కూలకూడదు, లోపలివారు బతికి బయటపడాలి అన్నదే దాని లక్ష్యం. అందుకే, సాగే గుణం బాగా ఉన్న కాంక్రీటు చట్రం (పిల్లర్లు, బీములు) మీద పడుతుందని లెక్కగట్టిన భూకంప బలాన్ని 5తో భాగించి, ఆ మేరకే డిజైన్ చేయనిస్తుంది. ఇది పెద్ద రాయితీ. చట్రం విరగకుండా వంగగలిగితేనే అది చెల్లుతుంది.

ఆ వంగే గుణం ఎక్కువగా పిల్లర్‌లోని రింగుల చేతిలో ఉంటుంది. నిలువు చువ్వల చుట్టూ కట్టే రింగు కొసలను పని తొందరలో 90 డిగ్రీలకే వంచి వదిలేస్తుంటారు. నేల ఊగి పైపొర కాంక్రీటు రాలగానే ఆ కొసలు విచ్చుకుంటాయి, నిలువు చువ్వలు బయటికి ఉబ్బుతాయి, పిల్లర్ నలిగిపోతుంది. కాంక్రీటు భవనాల్లో చువ్వల అమరికను చెప్పే ఐఎస్ 13920 ప్రమాణం ప్రకారం ఆ కొసను 135 డిగ్రీలు వంచి, కనీసం 65 మిల్లీమీటర్ల మేర పిల్లర్ లోపలికి దించాలి. కాంక్రీటు పడ్డాక దీనిని ఎవరూ చూడలేరు కాబట్టి, ఇల్లు కట్టించుకునేవారు కాంక్రీటు పోసే ముందురోజే వెళ్లి ఒక్కో పిల్లర్ దగ్గర ఆ కొసలు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకోవాలి.