నాట్లకు కూలీలు దొరకరెందుకు?

2025 డిసెంబరులో పార్లమెంటు పాత ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. పనిదినాలు 100 నుంచి 125కు పెరిగాయి. దాంతోపాటే ఒక షరతూ వచ్చింది. విత్తనాలు, కోతలు ముమ్మరంగా సాగే కాలంలో, ఏడాదికి మొత్తం 60 రోజులు ఈ పనులు ఆపెయ్యాలి. ఆ రోజుల్లో పొలాలకు కూలీలు దొరకాలన్నది ఉద్దేశం. 'కరువు పనులొచ్చాక కూలీలు దొరకట్లేదు' అని, ఉపాధి హామీని కరువు పనులని పిలిచే తెలుగు పల్లెల్లో పదిహేనేళ్లకు పైగా వినిపిస్తున్న మాటే ఇప్పుడు చట్టంలోకి ఎక్కింది. రైతు బాధ నిజమే. ఆయన చెప్పే కారణం మాత్రం సగమే నిజం. మిగతా సగానికి చాలా వెనక్కి వెళ్లాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, 1855లో బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట. కాలవ నీళ్లతో లక్షల ఎకరాలు వరి మాగాణి అయ్యేసరికి ఊడ్పులకూ కోతలకూ ఊళ్లో ఉన్న జనం చాలలేదు. ఉత్తరాంధ్ర నుంచి కూలీలు డెల్టాకు దిగేవారు. అదే తీరం నుంచి వేలమంది కాకినాడలోనో విశాఖలోనో ఓడ ఎక్కి బర్మాలోని రంగూను వెళ్లేవారు, అక్కడి రేవుల్లో, రైసుమిల్లుల్లో పనికి. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వారి బదులు బర్మా వాళ్లను పనిలో పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక ఆ కొత్తవాళ్లను పొమ్మనడంతో అల్లర్లు చెలరేగి వందమందికి పైగా చనిపోయారు. 1942లో జపాను సైన్యం వచ్చిపడ్డాక బతికి బయటపడినవాళ్లు అడవుల దారిన నడిచి వచ్చారు. ఎక్కడ పని ఉందో, ఎక్కడ నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయో చూసుకుని కదలడం మన కూలీలకు నిన్నమొన్న అబ్బిన గుణం కాదు.

తెలంగాణలో కథ వేరు. నిజాం కాలంలో వెట్టి ఉన్నచోట కూలి రేటు అన్న మాటే లేదు. పాలమూరులో నీళ్లు లేక జనం ఊళ్లకు ఊళ్లు వదిలి, గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, దేశమంతా తిరిగి డ్యాములూ కాలవలూ తవ్వారు. కట్టుబానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1976లో గానీ రాలేదు.

ఇక అసలు చిక్కు 1960ల చివర్లో మొదలైందని నా అభిప్రాయం. ఐఆర్ 8 లాంటి పొట్టి వరి రకాలు, ఎరువులు వచ్చాయి. 1967లో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలారు. రెండో పంట చాలాచోట్ల మామూలైంది. పని పెరిగింది, అంతకంటే ముఖ్యంగా ఒకేచోట కుప్పపడింది. కాలవకు నీళ్లు వదిలితే ఆ కాలవ కింది ఊళ్లన్నీ ఒకేసారి దమ్ము చేస్తాయి. నారు నాలుగు వారాల వయసుకొచ్చేసరికి నాటు పడిపోవాలి, ముదిరితే పిలకలు తగ్గుతాయి, దిగుబడి పడిపోతుంది. ఎకరం ఒక్కరోజులో నాటాలంటే పదిమంది దాకా ఆడవాళ్లు కావాలి. మోకాలి దాకా బురదలో, నడుం వంచి, చినుకు పడుతున్నా ఎండ కాస్తున్నా వెనక్కి జరుగుతూ నాటాలి. ఆ పది పదిహేను రోజులు మండలంలో ప్రతి రైతుకూ అదే పదిమంది కావాలి. అందుకే రోజు కూలి పోయి ఎకరానికింత అని గుత్త వచ్చింది, ఆటో చార్జీ రైతు మీదే పడింది.

మరోవైపు పనికి వచ్చేవాళ్లకు వేరే దారులు దొరికాయి. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు లేస్తుంటే కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల యువకులు వెళ్లారు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు కువైట్‌లో ఇంటి పనికి వెళ్లారు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. సోమరితనం పెంచిందని దాన్ని ఇప్పటికీ తిడతారు. నేను ఒప్పుకోను. ఇంట్లో గింజలుంటే 'ఈ రేటుకు రాను' అని ఆసామి ముందు నిలబడి అనొచ్చు. తరతరాలుగా ఆ మాట అనలేకపోయినవాళ్లకు అది చాలా పెద్ద విషయం. తర్వాత పిల్లలు బడికి పోయారు, హైదరాబాద్ అపార్టుమెంట్లు మేస్త్రీలనూ కూలీలనూ లాగాయి.

ఇవన్నీ జరిగాక, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకే రేటు. పొలంలో మగకూలి కంటే ఎప్పుడూ తక్కువే తీసుకున్న ఆడవాళ్లకు ఇది బేరమాడే ధైర్యం ఇచ్చింది. కూలి పెరిగింది, అది దాచాల్సిన సంగతేమీ కాదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు సాగు మానేస్తామని పంట విరామం ప్రకటించినప్పుడు, ఉపాధి పనులను సాగుకు కలపాలన్నది వారి డిమాండ్లలో ఒకటి. వారి సమస్యలు చూడమని ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసిందీ అప్పుడే. కానీ ఆ విరామానికి గిట్టని ధాన్యం ధర, పెరిగిన పెట్టుబడి, మురుగు పోని పొలాలు కూడా కారణాలే. పైగా ఉపాధి పనులు మన దగ్గర ఎక్కువగా జరిగేది ఏప్రిల్ నుంచి జూన్ మధ్య, అంటే పొలాలు చాలావరకు ఖాళీగా ఉండే ఎండల్లో.

అంతగా పట్టించుకోనిది ఇంకొకటుంది. కోత మిషన్ వచ్చాక వరికోతలు, కుప్పలు, నూర్పిళ్లు గంటల్లో ముగుస్తున్నాయి. గడ్డిమందు వచ్చాక కలుపు తీసే పని చాలావరకు పోయింది. అంటే ఒక పంటలో ఆడవాళ్లకు దొరికే పనిదినాలు తరిగి తరిగి నాటుకు, పత్తి ఉన్నచోట పత్తి ఏరడానికి మిగిలాయి. ఆ పదిహేను రోజుల కోసం మిగతా నెలలు ఊళ్లో ఎవరు కాసుకుని ఉంటారు? టౌనుకు పోతారు. నాట్లొచ్చేసరికి రైతు వెతుక్కుంటాడు. కొరతను కొంత మనమే తయారుచేసుకున్నాం.

2018 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు, ఆపైన ఎత్తిపోతల నీళ్లు వచ్చి వరి విపరీతంగా పెరిగింది. నాట్లకు మనుషుల లోటు పూడ్చడానికి బిహార్, పశ్చిమ బెంగాల్ నుంచి కూలీల ముఠాలు దిగుతున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో మొదటి ప్రత్యేక రైలు మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. వారం తిరిగేసరికి అదే లింగంపల్లికి బిహార్‌లోని ఖగడియా నుంచి మరో రైలు వచ్చింది, మన రైసుమిల్లుల్లో బస్తాలు దించే హమాలీలతో.

కాబట్టి 60 రోజులు ఉపాధి ఆపితే నాట్లకు మనుషులు వచ్చేస్తారన్న లెక్క నాకు కుదరడం లేదు. ఎకరం సొంత భూమి లేని ఇంట్లో ఆడమనిషికి ఆ 60 రోజుల్లో నాటు దొరికేది పదో పదిహేనో రోజులు. నిజామాబాద్‌లో నాట్లు జూన్‌లోనే మొదలైతే, కాలవ నీళ్లు ఆలస్యమయ్యే ఊళ్లలో ఆగస్టు దాకా సాగుతాయి. ఆపే తేదీలు ఖరారు చేసే అధికారం రాష్ట్రాలకే ఇచ్చారు గనక, జిల్లాకో తీరున, వీలైతే కాలవకో తీరున వాటిని పెట్టమని ఇప్పుడే అడగాలి. పని ఆపిన రోజుల్లో పొలంలో ఎంత కూలి గిడుతుందో కూడా ఆ తేదీలతో పాటే తేల్చమని అడగాలి.